షుగర్ కంటిని మెషీన్‌తో చదివించడం: నా ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

షుగర్ వల్ల రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, వచ్చే జబ్బును ఫోటో చూసి గుర్తుపట్టే ప్రోగ్రామ్ ఒకటి మొదలుపెట్టాను. డాక్టర్లు ఈ జబ్బును డయాబెటిక్ రెటినోపతీ అంటారు. చూపు తగ్గేదాకా మనిషికి ఏమీ తెలియకపోవడమే దీనితో అసలు చిక్కు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు మసకబారి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి చాలామందిలో లోపలి రక్తనాళాలు అప్పటికే కారుతుంటాయి, కొందరిలో కొత్త నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి ఉంటాయి. ముందే పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో చూపు నిలబెట్టే అవకాశం బాగా ఉంటుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు ఏటా ఒకసారి రెటీనా చూపించుకోవాలంటారు. మా పెదనాన్నకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఆయన కుడి కంటి చూపు సగం పోయాకే మా ఇంట్లో అందరికీ ఈ జబ్బు పేరు తెలిసింది.

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది అని లెక్కగట్టింది. అంతమంది కళ్లను ఏటా చూడాలంటే రెటీనా డాక్టర్లు సరిపోరు. ఫోటో ఎవరైనా శిక్షణ పొందినవాళ్లు తీయొచ్చు. దాన్ని చదివే పనిలో మొదటి వడపోత మెషీన్ చేయగలిగితే డాక్టర్ సమయం అవసరమైనవాళ్లకు దక్కుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 2016లో గూగుల్ పరిశోధకులు 'జామా' వైద్య పత్రికలో ప్రచురించిన పని చదివాకే నాకు ఈ పిచ్చి పట్టుకుంది. వాళ్ల మోడల్ (ఫోటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) నేర్చుకున్న 1,28,175 ఫోటోల్లో మన దేశం నుంచి అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రులు ఇచ్చినవీ ఉన్నాయి.

నేను చేసేది పేషెంట్ల మీద వాడే వస్తువు కాదు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నిబంధనల కిందకే వస్తుంది. అనుమతి లేకుండా ఎవరి కంటి మీదా పరీక్షించకూడదు. అందరికీ అందుబాటులో ఉన్న ఫోటోలతోనే పని. సాయానికి మా పెద్దమ్మ కూతురు ఉంది. అక్క కంటి డాక్టరు, ఆదివారాలు కాసేపు కూర్చుంటానంది.

జూన్ చివర

మూడు డేటాసెట్లు, అంటే డాక్టర్లు గ్రేడ్లు వేసిన ఫోటోల కట్టలు, దించుకున్నాను. మొదటిది 2015లో కాగిల్ (డేటా పోటీలు పెట్టే వెబ్‌సైట్) పోటీ కోసం అమెరికాలోని ఐప్యాక్స్ అనే కంటి పరీక్షల సంస్థ ఇచ్చింది. ట్రెయినింగ్‌కి, అంటే మోడల్‌కి నేర్పడానికి, 35,126 ఫోటోలు. రెండోది 2019లో జరిగిన ఏప్టోస్ పోటీది, అరవింద్ ఆసుపత్రి టెక్నీషియన్లు పల్లెలకు వెళ్లి తీసిన 3,662 ఫోటోలు. మూడోది ఐడ్రిడ్, మహారాష్ట్రలోని నాందేడ్‌లో తీసిన 516 ఫోటోలు. అందులో 81 ఫోటోల్లో ఏ మచ్చ ఎక్కడుందో పిక్సెల్‌తో సహా గుర్తుపెట్టి ఇచ్చారు. ఐడ్రిడ్‌ను ట్రెయినింగ్‌లో కలపకుండా పక్కన పెట్టాను. చివరి పరీక్షకు అది ముట్టుకోని పేపర్‌గా ఉండాలి.

మూడింటిలోనూ గ్రేడ్లు 0 నుంచి 4 దాకా. 0 అంటే జబ్బు లేదు. 1లో రక్తనాళాల మీద సన్నటి ఉబ్బులు మాత్రమే, వాటినే మైక్రో అన్యూరిజమ్‌లు అంటారు. 2లో రక్తపు చుక్కలు, పసుపు మచ్చలు కూడా. 3లో అవి ముదురుతాయి. 4లో కొత్త నాళాలు పెరుగుతాయి, లేదా కంటి లోపల రక్తస్రావం అవుతుంది. 2, ఆ పైన వస్తే డాక్టర్ దగ్గరికి పంపాలి. నా మోడల్ ముందుగా తేల్చాల్సింది ఆ ఒక్క ప్రశ్న: పంపాలా, వద్దా?

ఐప్యాక్స్ ఫోటోల్లో 25,810 గ్రేడ్ 0వే. అంటే ఏ ఫోటో చూపించినా 'జబ్బు లేదు' అనే ఒక్క లైను ప్రోగ్రామ్ రాసినా నూటికి 73 సార్లు అది ఒప్పే అవుతుంది. ఒక్క రోగినీ పట్టుకోకుండానే. వార్తల్లో 'ఇంత శాతం కచ్చితత్వం' అని కనిపించినప్పుడల్లా ఇది గుర్తు పెట్టుకోవాలి. ఈ డైరీలో అక్యురసీ అనే అంకె ఎక్కడా రాయను. రెండు అంకెలే చూస్తాను: జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంది (సెన్సిటివిటీ), లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలింది (స్పెసిఫిసిటీ).

ఐప్యాక్స్‌లో ప్రతి మనిషికీ రెండు కళ్ల ఫోటోలున్నాయి. ఒకరి ఎడమ కన్ను ట్రెయినింగ్‌లోకి, కుడి కన్ను పరీక్షలోకి వెళ్తే మోడల్‌కి ఆ మనిషి ముందే పరిచయం అయిపోతాడు. కాబట్టి ఫోటోల వారీగా కాకుండా మనుషుల వారీగా విడదీశాను. ఏప్టోస్‌లో మనిషి ఎవరో తెలిపే నంబరు లేదు. అందుకని ఫోటోలను ఒకదానితో ఒకటి పోల్చే చిన్న స్క్రిప్ట్ నడిపాను. అచ్చుగుద్దినట్టు ఒకే ఫోటో రెండు పేర్లతో ఉన్నవి బయటపడ్డాయి. వాటిలో కొన్ని జతలకు గ్రేడ్లు వేరు. ఒకే కన్ను, ఒకే ఫోటో, ఒకచోట 1, మరోచోట 2. వాటిని తీసి విడిగా ఒక ఫోల్డర్‌లో దాచాను. అక్కకు చూపించాలి.

జూలై రెండో వారం

ఫోటో ఎంత సైజులో మోడల్‌కి ఇవ్వాలి అన్నదాని మీద ఈ వారమంతా గడిచింది. గడవాల్సిందే అనిపించింది.

చాలా పాఠాల్లో 224 పిక్సెళ్ల సైజు చూపిస్తారు. కుక్కనీ పిల్లినీ వేరు చేయడానికి అది చాలు. రెటీనాకు చాలదు. లెక్క వేసి చూశాను. ఐడ్రిడ్ కెమెరా 50 డిగ్రీల మేర తీస్తుంది. అంటే రెటీనా మీద సుమారు 15 మిల్లీమీటర్లు. నల్ల అంచులు తీసేస్తే అది ఫోటోలో మూడున్నర వేల పిక్సెళ్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక పిక్సెల్‌కి నాలుగు మైక్రాన్లకు పైగా (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). 60 మైక్రాన్ల మైక్రో అన్యూరిజమ్ అసలు ఫోటోలో పద్నాలుగు పిక్సెళ్ల చుక్క. ఫోటోను 224కి కుదిస్తే అదే చుక్క ఒక్క పిక్సెల్ కూడా నిండదు. మోడల్ ఎంత తెలివైనదైనా, లేనిదాన్ని చూడలేదు కదా. 512కి వెళ్తే రెండు పిక్సెళ్లు. ఇంకా తక్కువే, కానీ ఏదో ఉంది అని తెలుస్తుంది.

మెమరీ, ఖర్చు చూసుకుని చివరికి 768 దగ్గర ఆగాను. అద్దెకు తీసుకున్న జీపీయూలో (మోడల్‌కి నేర్పడానికి వాడే చిప్) ఒక్కో విడతకు పట్టే ఫోటోల సంఖ్య బాగా తగ్గిపోయింది, ట్రెయినింగ్ నత్తనడకన సాగుతోంది. అయినా గ్రేడ్ 1, 2 మధ్య తేడా పట్టుకోవడం స్పష్టంగా మెరుగైంది. పెద్ద మోడల్ కోసం వెంపర్లాడే ముందు పెద్ద ఫోటో ఇచ్చి చూడమని ఈ పని మొదలుపెట్టేవాళ్లందరికీ చెబుతాను.

రంగుల సర్దుబాటుకు 2015 పోటీలో గెలిచిన బెన్ గ్రాహం పద్ధతి వాడాను. కళ్లన్నిటినీ ఒకే వ్యాసార్థానికి తెచ్చి, ప్రతి చోటా చుట్టుపక్కల సగటు రంగును తీసేయడం. ఫోటో బూడిద రంగులోకి మారి అందంగా ఉండదు గానీ చుక్కలు పైకి తేలతాయి. వాడిన మోడల్ ఎఫిషియంట్‌నెట్ బీ3. దాని గురించి ఇంతకుమించి రాయడానికి ఏమీ లేదు, అందరూ వాడేదే.

జూలై చివర

ఏప్టోస్ మీద ఫలితాలు మరీ బాగా వస్తున్నాయి. అంత బాగా రావడమే అనుమానం పుట్టించింది.

ఫోటోను అసలు తెరవకుండా దాని వెడల్పు, ఎత్తు మాత్రమే తీసుకుని ఒక చిన్న డెసిషన్ ట్రీకి (వరసగా అవును-కాదు ప్రశ్నలతో జవాబు తేల్చే ప్రోగ్రామ్) ఇచ్చాను. కంటి లోపల ఏముందో దానికి తెలియదు. అయినా 'జబ్బు ఉందా లేదా' అన్నది ఊరికే ఊహించడం కంటే చాలా మెరుగ్గా చెప్పేసింది! కారణం కెమెరాలు. ఒక సైజు ఫోటోల్లో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మరో సైజువాటిలో ఎక్కువమంది జబ్బున్నవాళ్లు. సైజు, నల్ల అంచు ఆకారం చూస్తేనే సగం జవాబు దొరికిపోతుంటే మోడల్ చుక్కల కోసం ఎందుకు వెతుకుతుంది?

న్యుమోనియా ఎక్స్‌రేల మీద 2018లో జాన్ జెక్ బృందం చూపించింది ఇదే. వాళ్ల మోడల్ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో గుర్తుపట్టి, అక్కడ న్యుమోనియా ఎంత ఎక్కువో దాన్నిబట్టి జవాబులు సర్దుకుంది. బయటి ఆసుపత్రి ఫోటోలు ఇస్తే ఆ పట్టు సడలింది. వైద్యంలో ఏఐ గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ కదిలించిన పని అది. మెషీన్ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు దగ్గరి దారిలో జవాబు చెప్పింది. ఆ దారి మూయడం తయారుచేసేవాడి బాధ్యత.

మూయడానికి చేసినవి: ఫోటోలన్నిటినీ ఒకే వృత్తంలోకి కత్తిరించాను, అంచుల్ని ఒకే తీరుగా నలుపు చేశాను, ట్రెయినింగ్‌లో వెలుతురు, రంగు, పదును కావాలనే మారుస్తూ పోయాను. ఏప్టోస్ మీద స్కోరు కొంచెం దిగింది. సంతోషంగానే దిగనిచ్చాను.

ఆగస్టు

అక్క ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుంది. ఒకే ఫోటోకి రెండు గ్రేడ్లున్న ఫోల్డర్, మోడల్ బల్లగుద్దినట్టు 'జబ్బు' అంటే డేటాసెట్‌లో డాక్టర్ వేసిన లేబుల్ 'లేదు' అన్నవి, ముందు పెట్టాను.

ఒక ఫోటోలో ముదురు చుక్క ఉంది. మోడల్ దాన్ని రక్తం అనుకుంది.

"ఒరేయ్, ఇది రక్తం కాదురా. ఇదే కెమెరాతో తీసిన ఆ పక్క ఫోటో చూడు, అందులోనూ సరిగ్గా అదే చోట ఉంది. లెన్స్ మీద దుమ్ము."

"అక్కా, మరి దీనికి గ్రేడ్ 1 వేసినవాళ్లు, 2 వేసినవాళ్లు ఇద్దరూ డాక్టర్లే కదా?"

"ఒక్క ఫోటో చేతికిచ్చి చెప్పమంటే నేనైనా తడబడతాను. క్లినిక్‌లో అయితే మనిషి ఎదురుగా ఉంటాడు. డ్రాప్స్ వేసి మళ్లీ చూస్తాం, షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో అడుగుతాం, అవసరమైతే స్కాన్ తీస్తాం. నీ మెషీన్‌కి ఇవేమీ లేవుగా."

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మనం 'సరైన జవాబు' అని మెషీన్‌కి నేర్పేది నిజానికి ఒక డాక్టర్, ఒక ఫోటో మీద, ఒక రోజు ఇచ్చిన అభిప్రాయం. గూగుల్ వాళ్లు 2016లో 54 మంది కంటి వైద్యులను పెట్టి ఒక్కో ఫోటోను 3 నుంచి 7 సార్లు చూపించడానికి కారణం ఇదే. 2018లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఓట్లు లెక్కపెట్టడం ఆపి, రెటీనా నిపుణులు తేడా వచ్చిన చోట చర్చించుకుని ఒక మాట మీదికి వచ్చేలా చేసింది. మెజారిటీ ఓటులో ఎక్కువగా జరిగిన తప్పులేమిటంటే కంట పడకపోయిన మైక్రో అన్యూరిజమ్‌లు, రక్తం అనుకున్న కెమెరా మరకలు. మా డైనింగ్ టేబుల్ మీద తేలిందీ అదే.

నాకు అంతమంది డాక్టర్లు లేరు, అక్క ఆదివారాలు మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆమె చేత అన్నీ చూపించడం మానేశాను. గ్రేడ్ 1, 2 మధ్య మోడల్ ఊగిసలాడే ఫోటోలే ఆమెకు ఇస్తున్నాను. పంపాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

మోడల్ ఎక్కడ చూసి నిర్ణయిస్తోందో తెలుసుకోవడానికి గ్రాడ్‌క్యామ్ హీట్‌మ్యాప్‌లు కూడా వేశాను. చూడడానికి ఎర్రగా, నమ్మకంగా ఉంటాయి. కానీ మోడల్ చివరి పొరలో 768 పిక్సెళ్ల ఫోటో 24 గళ్లు నిలువు, 24 గళ్లు అడ్డంగా కుదించుకుపోతుంది. అంటే ఒక్కో గడి 32 పిక్సెళ్ల వెడల్పు. మూడు పిక్సెళ్ల చుక్కను అంత పెద్ద గడితో ఎత్తిచూపలేం. ఐడ్రిడ్‌లో మచ్చలు గీసి ఉన్న 81 ఫోటోలతో పోల్చితే పసుపు మచ్చలు, పెద్ద రక్తపు మరకల మీద హీట్‌మ్యాప్ బాగానే కూర్చుంది. మైక్రో అన్యూరిజమ్‌ల దగ్గర మాత్రం ఎక్కడో చుట్టుపక్కల తిరిగింది. 'ఏఐ ఎందుకలా చెప్పిందో ఈ రంగుల బొమ్మ వివరిస్తుంది' అనే మాట డాక్టర్లకు అమ్మకూడదు. కొంతవరకే వివరిస్తుంది.

సెప్టెంబరు

మోడల్ ఇచ్చేది 0 నుంచి 1 మధ్య ఒక అంకె. ఎంత దాటితే డాక్టర్ దగ్గరికి పంపాలో మనిషే నిర్ణయించాలి. దీన్ని చివర్లో చూసుకునే చిన్న పని అనుకునేవాళ్లు చాలామంది. నా లెక్కలో ప్రాజెక్టు మొత్తానికీ గుండెకాయ ఇదే.

గూగుల్ 2016 పేపర్‌లోని అంకెలే తీసుకుని వెయ్యిమంది షుగర్ ఉన్నవాళ్ల మీద కాగితం లెక్క వేశాను. అందులో 100 మందికి పంపాల్సిన స్థాయి జబ్బు ఉందనుకుందాం. గూగుల్ వాళ్లు ఒకే మోడల్‌కి రెండు కటాఫ్‌లు, అంటే పంపాలా వద్దా తేల్చే రెండు గీతలు, చూపించారు. మొదటి దానిలో సెన్సిటివిటీ 90.3, స్పెసిఫిసిటీ 98.1. ఇలా అయితే దాదాపు 10 మంది రోగులు తప్పిపోతారు, ఆరోగ్యంగా ఉన్న 17 మంది ఊరికే ఆసుపత్రికి వెళ్తారు. రెండో దానిలో సెన్సిటివిటీ 97.5, స్పెసిఫిసిటీ 93.4. తప్పిపోయేది ఇద్దరో ముగ్గురో. ఊరికే వెళ్లేవాళ్లు దాదాపు 60.

మోడల్ మారలేదు. ఒక్క గీత జరిగింది. ఏడెనిమిది మంది చూపు ఒకవైపు, నలభైమందికి పైగా మనుషుల బస్సు చార్జీ, కూలి, టెన్షన్ ఇంకోవైపు. ఈ గీత ఎక్కడ గీయాలో కోడ్ చెప్పదు. పెద్దాసుపత్రి పక్కవీధిలో ఉన్న చోట రెండోదే మేలు. జిల్లా కేంద్రానికి రెండు బస్సులు మారాల్సిన ఊళ్లో, ఊరికే పంపినవాళ్లు రెండోసారి పిలిస్తే రారు. అక్కడ కూడా నేను రెండోదాని వైపే మొగ్గుతాను. పోయిన చూపు తిరిగి రావడం కష్టం. కానీ అలా పంపేటప్పుడు ఆ ప్రయాణానికి ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి, ఆ భారం రోగి మీద వేసి మన సెన్సిటివిటీ అంకెను మెరిపించుకోకూడదు.

క్లినిక్‌లో నిజంగా పెట్టినప్పటి అంకెలు ఇంత మెరుపుగా ఉండవు. డాక్టర్ ప్రమేయం లేకుండా తానే ఫలితం చెప్పడానికి 2018 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ) అనుమతి పొందిన ఐడీఎక్స్-డీఆర్ అనే సిస్టమ్, దాని ట్రయల్‌లో 87.2 శాతం సెన్సిటివిటీ, 90.7 శాతం స్పెసిఫిసిటీ చూపించింది. మైఖేల్ అబ్రామోఫ్ అనే కంటి వైద్యుడు ఏళ్ల తరబడి దీని వెనక ఉన్నారు. 10 ప్రాథమిక వైద్య కేంద్రాల్లో 900 మందిని చేర్చుకుని, ఫలితాలు వచ్చే ముందే నియమాలన్నీ రాసిపెట్టుకుని చేసిన ట్రయల్ అది. అంకె తక్కువైనా దాని మీదే నాకు గౌరవం ఎక్కువ.

అక్టోబరు

ముట్టుకోకుండా దాచిన ఐడ్రిడ్‌ను తెరిచాను. సెన్సిటివిటీ నిలబడింది. స్పెసిఫిసిటీ బాగా పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న కళ్లను కూడా పంపమంటోంది. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కెమెరా పదును ఎక్కువ, రంగు వేరు. మామూలు రెటీనా మెరుపుల్ని మోడల్ పసుపు మచ్చలు అనుకుంటోంది. కటాఫ్‌ను ఐడ్రిడ్‌కు తగ్గట్టు సర్దితే అంకె బాగుపడుతుంది, కానీ అప్పుడు ఇక పరీక్ష పేపర్ మిగలదు. సర్దలేదు. రాసుకున్నది ఇంతే: కొత్త కెమెరా అంటే కొత్త పరీక్ష.

ఇదే వారం గూగుల్ మోడల్‌ను థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టినప్పుడు ఏం జరిగిందో వివరించే 2020 నాటి అధ్యయనం మళ్లీ చదివాను. ఎమ్మా బీడే, ఆమె సహచరులు నర్సుల పక్కన కూర్చుని గమనించి రాసింది. మొదటి ఆరు నెలల్లో ఇచ్చిన 1,838 ఫోటోల్లో 21 శాతాన్ని సిస్టమ్ చదవనంది. గది చీకటిగా లేదు, ఫోటో అంత బాగా రాలేదు. నర్సుకు అందులో ఏమీ తేడా కనిపించకపోయినా, చదవనన్నప్పుడు రోగిని వేరే రోజు నిపుణుడి దగ్గరికి రమ్మనాలి. ఒకచోట ఇంటర్నెట్ రెండు గంటలు పోయింది, 200 మందిని చూడాల్సినచోట 100 మందినే చూశారు.

తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాన్ని ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకున్నాను. బడి గది, కిటికీలకు తెరలు లేవు, పట్టపగలు. కంటిపాప చిన్నదైపోతుంది, ఫోటో చీకటిగా వస్తుంది. వచ్చేవాళ్లలో పెద్దవయసువాళ్లే ఎక్కువ, చాలామందికి శుక్లాలు. నా మోడల్‌ని అక్కడ పెడితే ఎన్ని ఫోటోలకు 'చదవలేను' అంటుంది? అలా అనకుండా ఏదో ఒక జవాబు చెప్పేస్తే అది ఇంకా ప్రమాదం.

నవంబరు

ఇంటర్నెట్ లేకుండా నడవాలి అన్నది ఖాయం చేసుకున్నాను. నా మోడల్ బీ3లో సుమారు 1.2 కోట్ల పారామీటర్లు, అంటే నేర్చుకుంటూ సర్దుకునే అంకెలు. ఒక్కోదానికి 4 బైట్లు అంటే 48 ఎంబీ. ఒక్కోదాన్ని 8 బిట్లకు, అంటే ఒక్క బైటుకు, కుదిస్తే 12 ఎంబీ. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొన్ని సెకన్లలో జవాబు వస్తోంది. కుదించాక గ్రేడ్ 1, 2 సరిహద్దులో కొన్ని జవాబులు మారాయి. అందుకని కటాఫ్‌ను కుదించిన మోడల్ మీదే మళ్లీ లెక్కగట్టాను.

ఇప్పుడు చేస్తున్నది 'చదవలేను' అనే జవాబును విడగొట్టడం. ఇన్నాళ్లూ చూసిన సిస్టమ్‌లలో అది ఒక్క పెట్టె. అందులో పడ్డవన్నీ ఒకటి కాదు. ఫోటో కదిలితే మళ్లీ తీస్తే చాలు. కంటిపాప చిన్నదైతే గది చీకటి చేసి అయిదు నిమిషాలు ఆగాలి, లేదా డ్రాప్స్ వేయించాలి. లెన్స్ మీద దుమ్ముంటే తుడవాలి. ఎన్నిసార్లు తీసినా పొగమంచులాగే వస్తుంటే అది చాలావరకు శుక్లం, లేదా కంటి లోపల రక్తం కావచ్చు. ఆ మనిషిని వెనక్కి పంపడం కాదు, ముందు పంపాల్సింది అతన్నే.

"ఇది ముందే చేసి ఉంటే నా దగ్గరికి ఫోటో సరిగ్గా రాలేదని చీటీ పట్టుకొచ్చేవాళ్లు సగమయ్యేవాళ్లు" అంది అక్క. ఐప్యాక్స్ ఫోటోల్లో చదవడానికి వీల్లేనివి బోలెడు ఉన్నాయి. వాటికి గ్రేడ్లు కాకుండా కారణాలు రాయడం మొదలుపెట్టాం: కదిలింది, చీకటి, దుమ్ము, మబ్బు, తెలియదు. 'తెలియదు' అన్నదాన్ని తీసేయకూడదని అక్క పట్టుబట్టింది. అవి కూడా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఫోన్ తెర మీద ఒక్కో కారణానికి ఒక్కో తెలుగు వాక్యం రావాలి, తరవాత ఏం చేయాలో చెబుతూ. నేను రాసినవి ఇంజనీరు వాక్యాల్లా ఉన్నాయి. మా ఊరి ఆశా కార్యకర్త ఒకామెను అడిగాను, వచ్చే వారం చూసి దిద్దుతానంది.